మందు కాదు, ఒట్టి బిళ్ళే

పిల్లకి ఒళ్ళు వెచ్చబడగానే మీ ఇంట్లో ముందుగా ఎవరి చెయ్యి ఎక్కడికి వెళుతుందో గమనించండి. అలమరాలోకా, పోపుల డబ్బా పక్కకా, చీర కొంగులోకా? ఆ చేతిలో ఉన్నదాని పేరు అడగండి. పేరు చెప్పలేకపోతే, ఆ చెయ్యి ఎంత పెద్దవాళ్ళదైనా సరే, ఆపండి. ఇంతకంటే పెద్ద సలహా ఇచ్చే చదువు నాకు లేదు. ఈ మాత్రం తెలుసుకునే లోపల నా కూతురు ఊపిరి ఎన్నిసార్లు అంచుదాకా వెళ్ళి వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ కూర్చున్నచోట కూర్చోలేను. అదే ఇక్కడ రాస్తున్నాను.

మాది పార్వతీపురం పక్క. మా ముత్తాతగారు ఒక సంస్థానంలో దివానుగా చేశారు. నా దాకా వచ్చేసరికి ఆ ఇంటిలో మిగిలింది ఇంటిపేరూ, ఒక వెండి మరచెంబూను. నాన్నగారు బిలాస్‌పూర్ వచ్చి రైల్వే గూడ్సు ఆఫీసులో గుమాస్తాగా చేరారు. నేనూ అదే ఆఫీసులో చేరాను. కాలనీలో మన తెలుగువాళ్ళు నన్ను దివాణం బాబు అనేవారు. కొందరు మర్యాదకి, కొందరు నవ్వుకి. మర్యాదకి పిలిచినవాళ్ళకే నేను పలికేవాణ్ణి. మనుషుల్ని తేలిగ్గా నమ్మే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు. ఆస్తి పోయిన ఇళ్ళలో అలవాటు చేసుకోకుండానే వచ్చే గుణం అది.

1986, వానాకాలం

అరుంధతికి అప్పుడు ఆరేళ్ళు. ఉబ్బసం ఉందని అంతకు ముందు చలికాలంలోనే ఆసుపత్రిలో తేల్చారు. మబ్బు పట్టినా, షెడ్డు వైపు నుంచి ఇంజన్ల పొగ దిగినా రొమ్ములో పిల్లికూతలు వినిపించేవి. సిరప్పు పోస్తే సర్దుకునేవి. దానికి మేము కొంత అలవాటు పడిపోయాం.

ఒక మధ్యాహ్నం పిల్ల బడి నుంచి జ్వరంతో వచ్చింది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి మంచం పట్టె రెండు చేతులతో పట్టుకుని ముందుకు వంగి కూర్చుని ఉంది. ఊపిరి తీసుకున్నప్పుడల్లా మెడ కింద గుంట లోపలికి పోతోంది.

"నాన్నగారూ... గాలి... లేదు" అంది.

నా భార్య కామేశ్వరి పిల్ల వీపు రాస్తోంది. అమ్మ విసనకర్రతో విసురుతోంది. పక్క క్వార్టరు నూకరత్నం, ఇంజను డ్రైవరు భార్య, ఎవరూ పిలవకుండానే వచ్చి గుమ్మం ముందు రిక్షా ఆపించింది.

"ఏటి బాబూ అలా సూస్తారు! ఎత్తండి పిల్లని. సొక్కా గుండీలు రిచ్చాలో ఎట్టుకుందురు గాని!"

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు ఇంజక్షను ఇచ్చి, ఆక్సిజన్ పెట్టి, నా వైపు తిరిగారు. "బుఖార్ కే లియే కోయీ దవా దీ థీ?" జ్వరానికి ఏమైనా మందు ఇచ్చారా అని. నేను కామేశ్వరిని అడిగాను.

"మందేమైనా ఇచ్చారా?"

"అచ్ఛా, మీరు రాకుండా మందెలా ఇస్తామండీ? ఏమీ ఇవ్వలేదు."

"నహీఁ" అని నేను చెప్పాను. డాక్టరు రాసుకున్నారు. ఆ ప్రశ్న, ఆ జవాబు మీరూ గుర్తుంచుకోండి. డాక్టరు అడగవలసింది అడిగారు. మేము అబద్ధం చెప్పలేదు. అయినా ఆ రెండు మాటల మధ్యనుంచే పిల్ల ప్రాణం జారిపోబోయింది.

బయట బల్ల మీద కూర్చున్నాం. లోపలినుంచి ఆక్సిజన్ బుస వినిపిస్తోంది. అది ఆగితే మంచిదో చెడ్డదో తెలియదు. కామేశ్వరి ఏడుస్తుంటే, పక్కనున్న ఛత్తీస్‌గఢీ ముసలమ్మ, ఆవిడ మనవడూ లోపలే ఉన్నాడు, తన దుప్పటి సగం తీసి మా ఆవిడ భుజాల మీద కప్పింది. "ఝన్ రో నోనీ" అంది, ఏడవకు తల్లీ అని. ఈవిడ ఇంత చనువు ఎందుకు చూపిస్తోందా అనుకున్నాను నేను. ఇప్పుడు ఆ ముసలమ్మ మొహం గుర్తు తెచ్చుకోవాలంటే దుప్పటి ఒక్కటే గుర్తొస్తుంది.

ఇంటికి వచ్చాక విచారణ మొదలుపెట్టాను. ఏం తిన్నావని అడిగితే, నూకరత్నం అత్త జామకాయ పెట్టిందని చెప్పింది అరుంధతి. ఇంకేముంది. ఆ ఇంటి ఎండుచేపల వాసన మీద నాకు ముందునుంచీ అనుమానమే. ఇక ఆ గుమ్మం తొక్కవద్దని పిల్లకి చెప్పాను. నూకరత్నానికి వినిపించేటట్టే చెప్పాను.

ఆవిడ గోడ అవతల నుంచే అందుకుంది. "అవున్లే బాబూ! మా జాంకాయికి అంత సత్తువుంటే మా ఆయన ఇంజన్లో బొగ్గెందుకు, జాంకాయలే ఏస్తాడు. కట్నీ దాకా ఆగకుండా పోద్ది!"

కాలనీ అంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

1986, దీపావళి తర్వాత

మళ్ళీ జ్వరం, మళ్ళీ అదే. ఈసారి పెదవులు నీలంగా తిరిగాయి. డాక్టరు అదే అడిగారు, మేము అదే చెప్పాం. టపాకాయల పొగ అన్నాడు ఒకాయన, షెడ్డు పొగ అన్నాడు ఇంకొకాయన. నేను పొగనీ అనుమానించాను, చలినీ అనుమానించాను, చివరికి సిరప్పునీ వదల్లేదు. ఎవరో నీళ్ళు కలుపుతున్నారేమోనని నాలుక మీద వేసుకుని చూశాను. మొదటి సీసా ఎలా ఉందో ఇదీ అలాగే ఉంది.

పొగకి దూరంగా ఉంచుదామని పిల్లని కొన్నాళ్ళు ఊరి చివర కోనీలో మా బావమరిది ఇంటికి పంపాం. అక్కడ దానికి జ్వరం వచ్చిందని కబురు అందింది. నేను సైకిలు మీద పరుగెత్తాను. వెళ్ళేసరికి పిల్ల సగ్గుబియ్యం జావ తాగుతూ కూర్చుంది. ఒళ్ళు వెచ్చగా ఉంది. రొమ్ములో కొంచెం గురక, అంతే.

"ఏం లేదు బావగారూ, తడిగుడ్డ వేశాం, జావ పట్టాం. అదే తగ్గుతోంది" అన్నాడు బావమరిది.

ఇంటికి తిరిగి వచ్చాక కామేశ్వరి మెల్లిగా అంది. "ఈ ఇల్లు దానికి పడడం లేదేమోనండీ."

నాకు వెంటనే ఇంకోటి తట్టింది. అక్కాతమ్ముళ్ళు ముందే అనుకున్నారా? మా అమ్మ లేని ఇంట్లో ఉండాలని ఈవిడకి ఎప్పటినుంచో ఉందా?

"వేరు కాపురం అడగడానికి పిల్ల ఊపిరి దొరికిందా నీకు?" అన్నాను.

ఆనాటినుంచి కామేశ్వరి కంచం పెట్టేది, మంచినీళ్ళు పెట్టేది, మాట మాత్రం గోడతో చెప్పేది. "ఆఫీసుకి టైమయింది" అని గోడకి చెబితే నేను బయల్దేరేవాణ్ణి. జబ్బు పిల్లదే అయినా ఊపిరాడనిది ఇంటిల్లిపాదికీ అయింది. ఇలాంటి ఇళ్ళు ఇంకా ఉన్నాయని ఆసుపత్రి బల్లల మీద కూర్చున్నప్పుడే తెలిసింది నాకు. మొగుడూ పెళ్ళాలు ఆ బల్లకి ఈ చివరొకరు, ఆ చివరొకరు కూర్చుని ఉంటారు.

1987, చలి వెనకబడుతున్న రోజులు

అరుంధతిని ఇంటికి తెచ్చుకున్నాం. తమ్ముడి భార్యకి నెలలు నిండుతున్నాయని కామేశ్వరి కోనీ వెళ్ళింది. ఆ ఉదయమే పిల్లకి ఒళ్ళు కాలింది. అమ్మ చూసుకుంటానంటే నేను ఆఫీసుకి వెళ్ళాను. మధ్యాహ్నం కాకుండానే నూకరత్నం వాళ్ళాయన షెడ్డు నుంచి ఎవరిచేతో కబురు పంపాడు, పిల్లని ఆసుపత్రికి తీసుకుపోయారని. నేను తిట్టిన మనిషే మా అమ్మనీ పిల్లనీ రిక్షాలో కూర్చోబెట్టుకుని వెళ్ళిందన్నమాట.

నేను వెళ్ళేసరికి అరుంధతి కళ్ళు సగం మూసి ఉన్నాయి. ఏడవడానికి కూడా గాలి చాలని పిల్లని నేను అంతకు ముందు చూడలేదు. నర్సు సూది కోసం నరం వెతుకుతోంది. అమ్మ మంచం కోడు పట్టుకుని నిలబడింది. మా అమ్మ పరాయి చోట కూర్చోదు.

ఆ రోజు డ్యూటీలో ఉన్నది కొత్తగా వచ్చిన డాక్టరమ్మ. గుంటూరు వైపు మనిషి. ఇంజక్షన్లు పనిచేసి, పిల్ల గోళ్ళకి రంగు తిరిగాక, మా మాటలు విని తెలుగులోకి మారింది. నన్ను కాదు, మా అమ్మని అడిగింది. అమ్మకి హిందీ రాదు. అంతకు ముందు ఎవరూ ఆవిడని ఏమీ అడగలేదు, అడిగినవన్నీ నాకే వచ్చేవి.

"మామ్మగారూ, పొద్దుటి నుంచి పాపకి మందేమైనా వేశారా?"

అమ్మ తల పైకెత్తింది. "డాక్టరు చెప్పందే మందు ముట్టే ఇల్లు కాదమ్మా మాది. ఒళ్ళు కాలిపోతోందని ఒట్టి బిళ్ళ నూరి పాలల్లో ఇచ్చేను, అంతే."

డాక్టరమ్మ రాయడం ఆపింది. "ఒట్టి బిళ్ళంటే ఏంటండీ?"

"ఏటేటి, బిళ్ళే. తలనొప్పి వస్తే నేనూ వేసుకుంటాను."

"ఎప్పుడు జ్వరం వచ్చినా ఇస్తారా?"

"ఇవ్వకేం చేస్తాను? సగమే ఇస్తాను. పసిపిల్ల కదా, మొత్తం ఎందుకూ!"

డాక్టరమ్మ నావైపు చూసింది. "ఇన్నిసార్లు వచ్చారు. ఒక్కసారి కూడా ఈ సంగతి చెప్పలేదే?"

"అడిగింది మందు గురించండీ" అన్నాను. అన్నాక ఆ మాట నా చెవికే వింతగా వినిపించింది.

మా ఇంట్లో మందంటే డాక్టరు రాసేది. దానికి వేళ ఉంటుంది, పథ్యం ఉంటుంది. బిళ్ళ అలాంటిది కాదు. శొంఠి, వాము ఎలాగో బిళ్ళ అలాగ. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎవరికీ చెప్పక్కర్లేదు. మా ఇల్లొక్కటే కాదు. తరవాత నేను అడిగిన ప్రతి తెలుగింట్లోనూ అదే మాట. "మందేం వెయ్యలేదండీ, బిళ్ళ వేశాం." డాక్టరు మందు అడిగితే లేదంటారు. నిజమే చెబుతారు.

అమ్మ కొంగు ముడి విప్పి మిగిలిన బిళ్ళ ఇచ్చింది. దుకాణంవాడు పట్టీ నుంచి కత్తెరతో ఒక్కొక్కటే కోసి అమ్ముతాడు. పేరున్న ముక్క ఎవరింటికో పోయింది. మా ముక్క మీద రెండు గీతలు మిగిలాయి. నేను అప్పటికప్పుడు బజారుకి వెళ్ళాను.

"బుఖార్ కీ గోలీ హై, బాబూజీ. సబ్ యహీ లే జాతే హైఁ" అన్నాడు దుకాణదారు, జ్వరం బిళ్ళే, అందరూ ఇదే పట్టుకెళతారని. వాడి మొహంలో కల్తీ ఏదైనా కనబడుతుందేమోనని చూశాను. వాడు పక్కవాడికి పప్పు తూస్తున్నాడు. మొత్తం పట్టీ తీసుకుని వెనక్కి వచ్చాను. చిన్న అక్షరాల్లో ఆస్పిరిన్ అని ఉంది.

డాక్టరమ్మ చెప్పింది విన్నదాన్ని విన్నట్టు రాస్తున్నాను. ఉబ్బసం ఉన్నవాళ్ళలో కొందరికి ఆస్పిరిన్ పడితే ఊపిరితిత్తుల దారులు బిగుసుకుపోతాయి. అందరికీ కాదు, పిల్లల్లో తక్కువే, కానీ ఎవరికి అవుతుందో ముందు తెలియదు. అది కాక, జ్వరంలో ఉన్న చిన్నపిల్లలకి ఆస్పిరిన్ అసలు ఇవ్వకూడదు. అరుదుగానే అయినా మెదడుకీ కాలేయానికీ ప్రమాదం తెస్తుంది. ఉబ్బసం లేని పిల్లలకైనా అంతే.

నాకు ఆవిడ మీదా అనుమానం వచ్చింది. కొత్త డాక్టరు, జబ్బు అంతుపట్టక ముసలావిడ మీద నెపం పెడుతోందా?

"మరి మా అమ్మ ఇన్నేళ్ళుగా వేసుకుంటోంది కదండీ?"

"మీ అమ్మగారికి ఉబ్బసం లేదు కదా. నేను కూడా ఇదేనని ఒట్టేసి చెప్పడం లేదండీ. జ్వరంతో వచ్చే జలుబే ఉబ్బసాన్ని లేపుతుంది. అందుకే ఇన్నాళ్ళూ ఎవరికీ తట్టలేదు. బిళ్ళ ఇవ్వకుండా ఎప్పుడైనా జ్వరం తగ్గిందా?"

కోనీలో జావ తాగుతూ కూర్చున్న పిల్ల కళ్ళ ముందుకు వచ్చింది. చెప్పాను.

"చూశారా! రూఢి చేసుకుందామని మళ్ళీ ఇచ్చి చూసే పని మాత్రం పెట్టుకోకండి."

"ఇదొక్కటి మానేస్తే చాలునా?"

"దీని వంశం ఒకటుందండీ. నొప్పులకని, వాపులకని రకరకాల పేర్లతో వస్తాయి. ఇబుప్రోఫెన్ లాంటివి. ఒకటి పడనివాళ్ళకి చాలాసార్లు మిగతావీ పడవు. పంటినొప్పికైనా, బెణుకుకైనా మమ్మల్ని అడక్కుండా ఏదీ వెయ్యకండి."

వంశం అనగానే నాకు పూర్తిగా బోధపడింది. పేరు మార్చుకుని ఊరు మారినంత మాత్రాన రక్తం మారదని మా ఇంట్లో పుట్టినవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

"మరి జ్వరానికి?"

"పారాసిటమాల్. సామాన్యంగా ఇలాంటి పిల్లలకి దాన్నే వాడతాం. బరువుని బట్టి నేను చెప్పినంత, చెప్పినన్ని గంటలకి. ఎక్కువైతే అదీ చెరుపే. పిల్లకింత చాలని చేత్తో విరిచి ఇవ్వడం కాదు."

ఆ బిళ్ళా తెల్లదే, ఈ బిళ్ళా తెల్లదే. నా కళ్ళకి తేడా కనపడలేదు. మొదటిసారి ఇక్కడే, మీ ముందే ఇవ్వండి అన్నాను. ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు. "అలాగే" అంది. వార్డులోనే ఇచ్చారు. నేను పిల్ల మెడ కింద గుంట వైపు చూస్తూ కూర్చున్నాను. సాయంత్రానికి చెమట పట్టి జ్వరం దిగింది. గుంట కదల్లేదు.

కామేశ్వరి కోనీ నుంచి వచ్చి విషయం అంతా వింది. అమ్మని ఏదో ఒకటి అంటుందనే అనుకున్నాను. అననీ అని కూడా అనుకున్నాను. ఆవిడ గోడ వైపు కాకుండా నా వైపే తిరిగి మాట్లాడింది.

"అత్తయ్యగారిని ఏమనగలనండీ? ముందు రెండుసార్లూ ఆ పాలు వెచ్చబెట్టి ఇచ్చింది నేనే. మందు ఇచ్చారా అని మీరడిగితే లేదన్నదీ నేనే."

అమ్మ విని లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత పిల్ల ఒళ్ళు వెచ్చగా ఉందంటే తాకేది కాదు. గుమ్మంలో నిలబడి చూసేది.

1987, ఎండాకాలం

ఇంట్లో వచ్చిన మొదటి జ్వరం అది. బిళ్ళ నేనే ఇచ్చాను. పట్టీ మీద పేరు చదివాను, కామేశ్వరి చేత చదివించాను, డాక్టరమ్మ చెప్పినంతే విరిచాను. ఇచ్చాక కూడా నమ్మకం కలగలేదు. మంచం పక్కనే కుర్చీ వేసుకున్నాను. రొమ్ములో కొంచెం కూత వచ్చింది, సిరప్పుతో పోయింది. పిల్ల లేచి పచ్చడన్నం అడిగింది.

గుమ్మంలోంచి అమ్మ అడిగింది. "ఇప్పుడు తాకొచ్చునా బాబూ?"

"నీ మనవరాలే కదమ్మా" అన్నాను. అమ్మ వచ్చి నుదుటి మీద చెయ్యి వేసి, ఎంతసేపు ఉంచిందో.

మర్నాడు అరుంధతిని పక్క క్వార్టరుకి పంపాను. ఏ మాటా చెప్పి పంపలేదు. కాసేపటికి గోడ మీదుగా నూకరత్నం గొంతు లేచింది.

"ఏటి బాబూ, మా జాంకాయికి బెయిలు దొరికినాదేటి?"

"దొరికింది" అన్నాను.

"అచ్ఛా! అయితే మీరూ ఒకటి తినండి" అని గోడ మీద పెట్టింది.

1988, వానాకాలం

ఉబ్బసం పోలేదు. పోయిందని ఎవరైనా చెబితే వాళ్ళనీ నమ్మకండి. చలికాలంలో ఇంకా ఇబ్బంది పడుతుంది, మందులు వాడుతూనే ఉన్నాం. కానీ జ్వరం వచ్చినప్పుడు ఆ పాత భయం లేదు. నేను బడిలో చెప్పాను, బావమరిది ఇంట్లో చెప్పాను, చుట్టుపక్కల క్వార్టర్లలో చెప్పాను. దివాణం బాబుకి బిళ్ళల పిచ్చి పట్టిందని కొందరు అన్నారు. అననిచ్చాను. ఉబ్బసమని చెబితే ఆడపిల్లకి పేరు పడుతుందని ఒకావిడ హితవు చెప్పింది. పేరు పడాలంటే ముందు పిల్ల ఉండాలి కదా అన్నాను.

ఒక రోజు బడి నుంచి ప్యూను వచ్చాడు, పెద్ద మేడమ్ పిలుస్తున్నారని. నేను వెళ్ళేసరికి అరుంధతి ఆవిడ బల్ల ముందు నిలబడి ఉంది. మొహం ఎర్రగా ఉంది, కళ్ళు జ్వరంతో మెరుస్తున్నాయి. పెదవులు గట్టిగా బిగించింది.

మేడమ్ కోపంగా ఉన్నారు. పిల్లకి తలనొప్పి, జ్వరం అని చూసి, పాపం అని తన సంచిలోని గోలీ ఇచ్చారట. ఇది చెయ్యి వెనక్కి పెట్టుకుందట. దీని పేరేమిటని అడిగిందట. ఆవిడకి పేరు తెలియలేదు. పేరు తెలియంది నేను మింగను అందట, క్లాసు అందరి ముందూ.

"ఇత్నీ సీ లడ్‌కీ, ఇత్నా ఘమండ్! ఇంట్లో ఇదేనా నేర్పింది?" అన్నారు హిందీలో, ఇంత పిల్లకి ఇంత పొగరా అని.

ఆవిడ మంచికే ఇచ్చారు. నాకు ఆ సంగతి తెలుస్తూనే ఉంది. చేతులు జోడించి నమస్కారం పెట్టాను.

"అవును మేడమ్. ఇంట్లో నేర్పిందే" అన్నాను. క్షమించమని మాత్రం అడగలేదు.

బయటికి వచ్చి అరుంధతిని సైకిలు వెనక కూర్చోబెట్టాను. గేటు దాటాక అడిగింది.

"నాన్నగారూ, పెద్దవాళ్ళు ఇస్తే తీసుకోలేదు కదా. నన్ను తిడతారా?"

"తిట్టను. గట్టిగా పట్టుకో."

అది రెండు చేతులూ నా నడుము చుట్టూ వేసి, కాలుతున్న నుదురు నా వీపుకి ఆనించింది. చొక్కాలోంచి దాని ఊపిరి వెచ్చగా తగులుతోంది. దారి పొడుగునా వింటూనే ఉన్నాను. కూత లేదు. ఆ నుదురు జారకుండా వీపు నిటారుగా ఉంచి, మెల్లగా ఇంటికి తొక్కాను.